10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి సరిపోయే పెల్లెట్ బ్యాచ్ ఎట్ల పట్టుకోవాల

అమెరికా వాళ్ళ వీడియోలు చూసి "అన్నా, వాళ్ళు షెడ్డులో కూర్చుని ఖాళీ తూటా కేసులో తుపాకి మందు తూచి పోసి, బుల్లెట్ పెట్టి, ప్రెస్సుతో నొక్కి తూటాలు సొంతంగా చేసుకుంటా ఉండారు, మనమూ అట్ల చేస్తే గ్రూపు (కార్డు మీద పడిన చిల్లుల గుంపు) చిన్నది అవుతుంది కదా" అని అడిగే పిల్లోళ్ళు తిరుపతిలో బాగానే ఉండారు. సూటిగా చెప్తా, ఆ పని మనకొద్దు. ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 5 ప్రకారం తూటాలు తయారు చేయాలంటే దానికి వేరే లైసెన్స్ కావాల, రైఫిల్ లైసెన్స్ జేబులో ఉంటే చాలదు. ఇంక వేట అంటారా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా శేషాచలం అడివి పక్కన బతికే మనకు ఎవురూ గుర్తు చేయాల్సిన పని లేదు, పిట్టను కొట్టినా కేసే.

అయితే వాళ్ళు అంత కష్టం ఎందుకు పడతా ఉండారో ఆ లాజిక్ మాత్రం మనకూ పనికొస్తుంది. ప్రతి బ్యారెల్‌కీ ఒక ఇష్టం ఉంటుంది, ఆ ఇష్టానికి తగ్గ గుండు దొరికితే గ్రూపు దగ్గర పడుతుంది, దొరక్కపోతే లక్షలు పెట్టి కొన్న రైఫిల్ అయినా చెల్లాచెదరుగా కొడుతుంది. వాళ్ళు మందు కొలత మార్చి మార్చి దాన్ని వెతుక్కుంటారు, ఎయిర్ రైఫిల్ షూటర్లు పెల్లెట్ల (గాలి తుపాకీలో పెట్టే చిన్న సీసం గుండ్లు) బ్యాచ్‌లు, అంటే ఒకే విడతలో తయారైనవి, మార్చి మార్చి వెతుక్కోవాల. తయారు చేసే పని లేదు, ఎంచుకునే పని మాత్రమే. ఆ ఎంచుకోవడం ఎట్లనో ఇక్కడ రాస్తా ఉండా.

ముందు కొన్ని లెక్కలు తెలుసుకోండి, ఇవి తెలీకుండా టెస్ట్ చేస్తే దేనికి చేస్తా ఉండామో అర్థం కాదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో 10 అనే చుక్క అడ్డంగా అర మిల్లీమీటరే, 9 రింగు 5.5 మి.మీ., అక్కణ్ణించి ఒక్కో రింగుకీ 5 మి.మీ. పెరుగుతా పోతుంది, మొత్తం నలుపు 30.5 మి.మీ. మన పెల్లెట్ 4.5 మి.మీ. లావు ఉంటుంది కాబట్టి దాని అంచు ఆ చుక్కను తాకితే చాలు 10 వచ్చినట్టే, అంటే పెల్లెట్ నడిమి భాగం టార్గెట్ నడిమధ్య నుంచి 2.5 మి.మీ. లోపల పడాల. ఇప్పుడు స్కోరు అంతా డెసిమల్‌లోనే లెక్క కదా, 10.0 నుంచి 10.9 వరకు ఉండే ఒక్కో డెసిమల్ పాయింటు (0.1) 0.25 మి.మీ. 2008లో బీజింగ్ ఫైనల్లో అభినవ్ బింద్రా చివరి షాట్ 10.8 కొట్టి గోల్డ్ తెచ్చినాడే, ఆ 10.8 అంటే నడిమధ్య నుంచి అర మిల్లీమీటర్ లోపల పడినట్టు. ఈ అర మిల్లీమీటర్ ఎంతో కళ్ళ ముందు పెట్టుకుని మిగతాది చదవండి, ఎందుకంటే బాగున్న బ్యాచ్‌కీ బాగాలేని బ్యాచ్‌కీ మధ్య తేడా దీనికంటే చాలా ఎక్కువ ఉంటుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాల. అందరికీ ఈ టెస్టింగ్ అవసరం లేదు. మన చేతి ఊపు వల్ల వచ్చే తేడా, పెల్లెట్ వల్ల వచ్చే తేడా రెండూ నేరుగా కూడుకోవు, రెండిటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే మొత్తం వస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లోడి చేతి గ్రూపు 15 మి.మీ. అనుకోండి, పెల్లెట్ వల్ల 3 మి.మీ. వస్తా ఉంటే మొత్తం 15.3. ఆ 3ని కష్టపడి 1 చేసినా వాడికి 15కి తగ్గేది లేదు, అంత డబ్బు, అంత టైము వేస్ట్. అదే చేతి గ్రూపు 4 మి.మీ. దాకా వచ్చిన షూటర్‌కి పెల్లెట్ 3 అయితే మొత్తం 5, పెల్లెట్ 1 అయితే 4.1. అక్కడ స్కోరులో కనపడతుంది. కాబట్టి ఇంకా 8లూ 9లూ ఎక్కువ పడతా ఉంటే ముందు పొజిషను, ట్రిగ్గరు, శ్వాస చూసుకోండి, పెల్లెట్ తర్వాత చూద్దురు. కొంతమంది అమ్మానాన్నలు పిల్లోడు చేరిన మొదటి నెల్లోనే ఖరీదైన టిన్ను కొనిచ్చి "ఇంక పది కొట్టాల్రా" అంటారు, పాపం వాడేం చేస్తాడు.

ఇంక పెల్లెట్ సంగతి. మ్యాచ్ పెల్లెట్లు అన్నీ మూతి చదునుగా ఉండేవే, పేపర్ మీద గుండ్రంగా శుభ్రంగా చిల్లు పడాలని అట్ల చేస్తారు. నడుం సన్నగా ఉంటుంది, వెనక భాగం లోపల బోలుగా పల్చగా ఉంటుంది, దాన్నే స్కర్ట్ అంటారు, వెనక నుంచి గాలి తోసినప్పుడు ఆ స్కర్ట్ వెడల్పయ్యి బ్యారెల్ లోపలి గాడులకు అతుక్కుంటుంది. రైఫిల్‌కి ఎక్కువమంది వాడే బరువు 0.53 గ్రాములు, పిస్టల్ వాళ్ళు ఇంకొంచెం తేలికవి వాడతారు. టిన్ను మీద హెడ్ సైజు అని 4.49, 4.50 అట్ల రాసుంటుంది, అది మూతి దగ్గర వ్యాసం. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ, చియాంగ్ యువాన్, ఇట్లాంటివి రేంజుల్లో ఎక్కువ కనపడతాయి. ఏది మంచిది అని అడక్కండి, ఆ ప్రశ్నకు జవాబు మీ బ్యారెల్ దగ్గరుంటుంది, మీ ఫ్రెండు బ్యారెల్ దగ్గర ఉండదు. ఒకే కంపెనీ ఒకే మోడల్ రైఫిళ్ళు రెండు పక్కపక్కన పెట్టి ఒకే టిన్నులోంచి కొడితే కూడా ఒకటి మెచ్చింది ఇంకోటి మెచ్చకపోవచ్చు.

టిన్ను మీద పేరూ సైజూ కాకుండా ఒక స్టిక్కరో ముద్రో ఉంటుంది, బ్యాచ్ నంబర్, కొన్నిట్లో లాట్ అని రాసుంటుంది. మనం వెతికేది ఈ నంబర్నే. సీసం తీగను అచ్చులో కొట్టి పెల్లెట్ చేస్తారు, అచ్చు వాడే కొద్దీ అరుగుతుంది, మారుస్తారు, మళ్ళీ సెట్ చేస్తారు, అందుకే ఒకే పేరు, ఒకే 4.50 అని రాసున్నా నిరుడు టిన్నుకీ ఈ ఏడు టిన్నుకీ తేడా ఉంటుంది. 4.49 అని రాసున్న ఒక బ్యాచ్ బాగా పోయిందని వేరే బ్యాచ్ 4.49 కొంటే అదే గ్రూపు వస్తుందని గ్యారంటీ లేదు. సైజు కన్నా బ్యాచ్ ముఖ్యం, ఇది చాలామంది పట్టించుకోరు.

అందుకని షాపు వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. మన తిరుపతిలో మ్యాచ్ పెల్లెట్లు అన్ని రకాలూ ఒక్క చోట దొరకవు, చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించుకోవడం మామూలే. ఒక్కో బ్యాచ్ ఒక్కో టిన్ను కొనండి, నాలుగు బ్యాచ్‌లైతే నాలుగు టిన్నులు, అన్నీ విడివిడిగా టెస్ట్ చేసి, గెల్చిన బ్యాచ్ నంబర్ చెప్పి మిగతావి దాంట్లోనే తీసుకుంటామని షాపు ఆయనకు ముందే చెప్పి పెట్టండి, ఆ నంబరువి కొన్ని పక్కన ఉంచమనండి. ఈ మాట ముందు అనుకోకుండా టెస్ట్ అయినాక ఫోన్ చేస్తే "అయిపోయినాయి సార్, కొత్త స్టాక్ వచ్చింది" అంటారు, కొత్త స్టాక్ అంటే కొత్త బ్యాచ్, మళ్ళీ మొదటికి. ఒంటరిగా కొనేకన్నా క్లబ్బులో నలుగురు కలిసి ఒక్కొక్కరు ఒక్కో బ్యాచ్ తెప్పించి పంచుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

టెస్ట్ ఎక్కడ చేయాల అనేదే మన ఊళ్ళో పెద్ద తలనొప్పి. రేంజిలో లేన్ దొరికితే దాన్ని మించింది లేదు. ఇంట్లో చేసుకోవాలంటే నికరంగా 10 మీటర్ల నిడివి కావాల, పాత మిద్దె ఇళ్ళలో పొడుగు వరండాలో, కారు షెడ్డులో దొరకొచ్చు. మిద్దె మీద చేయొద్దు. ఒకటి, పక్కింటోళ్ళు భయపడతారు, గుండు గోడ దాటి పోతే ఎవురికి తగులుతుందో తెలీదు. రెండోది గాలి, కొండ వైపు నుంచి సాయంత్రం గాలి తిరిగితే అర గ్రాము పెల్లెట్‌ని మిల్లీమీటర్లు పక్కకు తోసేస్తుంది, అప్పుడు మీరు పెల్లెట్‌ని టెస్ట్ చేసినట్టు కాదు గాలిని టెస్ట్ చేసినట్టు. ఇంటి లోపల కూడా ఫ్యాన్ ఆపేయాల. టార్గెట్ కార్డు క్లిప్పుకు వేలాడతా ఉంటే సీలింగ్ ఫ్యాన్ గాలికి సన్నగా ఊగుతుంది, కింద మూల పట్టుకుని చూస్తే తెలుస్తుంది, దూరం నుంచి కనపడదు. కార్డును నాలుగు మూలలా అట్టకు గట్టిగా అంటించండి. ఎండాకాలంలో ఫ్యాన్ లేకుండా గంట కూర్చోవడం కష్టమే, కాబట్టి ఏప్రిల్ మేలో అయితే తెల్లారి ఆరింటికే మొదలు పెట్టి ఎండ ఎక్కక ముందే ముగించేయండి.

వెనక అడ్డం సంగతి బాగా చూసుకోండి. నిట్టనిలువుగా ఇనప ప్లేటు పెడితే పెల్లెట్ తునకలు వెనక్కి మన వైపే వస్తాయి. వెల్డింగ్ షాపులో చెప్తే మందపాటి ప్లేటు ముందుకు వాలి ఉండేటట్టు ఒక పెట్టె చేసిస్తారు, పెల్లెట్ తగిలి కిందికి జారి పెట్టెలో పడుతుంది. దాని వెనక గోడే ఉండాల, తలుపూ కిటికీ ఉండకూడదు. మనకూ టార్గెట్‌కీ మధ్య తలుపు ఏదైనా ఉంటే లోపల నుంచి గడియ పెట్టేయండి. అందరూ కళ్ళద్దాలు పెట్టుకోవాల. కొట్టనప్పుడల్లా బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల పెల్లెట్ లేదని చూపించే రంగు తీగ) ఉండాల, ఇది రూలు మాత్రమే కాదు, ఇంట్లో పిల్లోళ్ళు తిరిగే చోట అది కనపడతా ఉంటేనే మనకు మనశ్శాంతి.

ఇప్పుడు రైఫిల్ కదలకుండా పట్టుకోవడం. పెద్ద రేంజుల్లో, ఫ్యాక్టరీల్లో రైఫిల్‌ని బిగించే స్టాండు ఉంటుంది. అది లేకపోతే బరువైన బల్ల మీద ముందూ వెనకా ఇసక సంచులు చాలు. పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి అడుగు కుట్టి, స్వర్ణముఖి ఇసక జల్లెడ పట్టి, బాగా ఎండబెట్టి, ముప్పావు వంతు నింపి మూతి కుట్టేయండి, పూర్తిగా నింపితే రాయిలాగా అయిపోయి రైఫిల్ కూర్చోదు. బ్యారెల్ సంచికి ఆనకూడదు, గాలి సిలిండర్ కూడా ఆనకూడదు, స్టాక్ మాత్రమే ఆనాల. స్ప్రింగ్ ఎయిర్ గన్ అయితే కథ వేరే, అది లోపల పిస్టన్ ముందుకు వెనక్కి కొట్టుకుంటుంది కాబట్టి గట్టిగా బిగిస్తే గ్రూపు పాడవుతుంది, చేతి మీద వదులుగా పెట్టి దానంతట అది ఎగిరేటట్టు వదలాల, ప్రతిసారీ చెయ్యి ఒకే చోట ఉండాల. దేశీ ప్రెసిహోల్ స్ప్రింగ్ గన్‌తో నేర్చుకునే వాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

కొట్టే ముందు గాలి ఒకే రకంగా వస్తా ఉందా లేదా చూడాల, లేకపోతే పెల్లెట్ మీద నింద పడుతుంది. మ్యాచ్ రైఫిల్‌లో పెల్లెట్ సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది, 10 మీటర్లు పోయేసరికి సుమారు 17 మి.మీ. కిందికి దిగుతుంది, గురి చూసే సైట్‌లో మన సెట్టింగ్ ఆ దిగుడుని సరిచేస్తుంది. ఇప్పుడు ఒక షాట్ సెకనుకు 3 మీటర్లు నెమ్మదిగా వస్తే ఇంకో 0.6 మి.మీ. కిందికి దిగుతుంది, అంటే రెండు డెసిమల్ పాయింట్లు అక్కడే పోయినాయి. క్లబ్బులో ఎవురి దగ్గరైనా క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే మిషన్) ఉంటే పది షాట్ల స్పీడు చూసుకోండి, ఎక్కువ తక్కువ బాగా వస్తా ఉంటే రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ గాలి ఒకే ప్రెషర్‌తో వదిలే భాగం) సర్వీస్ చేయించి ఆ తర్వాతే పెల్లెట్ టెస్ట్. సిలిండర్ 200 బార్ అని రాసుంటే దానికి మించి నింపొద్దు, గేజ్ కింది గీత దగ్గరికి వచ్చినాక టెస్ట్ చేయొద్దు. ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపుకుంటే పోలేదా అని అడిగేవాళ్ళు ఉండారు, పొరపాటున కూడా ఆ పని చేయొద్దు, లోపల గ్రీజుకి ఆక్సిజన్ తగిలితే పేలిపోతుంది. సిలిండర్ మీద తేదీ ఉంటుంది, మామూలుగా పదేళ్ళు, దాటినాక వాడకూడదు. మే నెలలో కారు డిక్కీలో సిలిండర్ పెట్టి రైల్వే స్టేషన్ పార్కింగులో వదిలేసి పోయే మహానుభావులు కూడా ఉండారు, దయచేసి వద్దు.

బ్యారెల్‌ని టెస్ట్‌కి ముందు ఫెల్ట్ ముక్కలతో తుడవండి, బ్యారెల్ సైజుకి దొరుకుతాయి, వెనక నుంచి ముందుకి తోసేసి తీసేయడమే. ఇనప బ్రష్షు లోపలికి పెట్టొద్దు. తుడిచిన వెంటనే గ్రూపు కొట్టకండి, శుభ్రమైన బ్యారెల్ మొదటి కొన్ని షాట్లు అటూ ఇటూ వేస్తుంది, సన్నగా సీసం పూత పట్టినాక కుదురుకుంటుంది. అట్లనే ఒక కంపెనీ పెల్లెట్ నుంచి ఇంకో కంపెనీకి మారినప్పుడు కూడా పదేసి షాట్లు ఖాళీ కార్డు మీద వదిలేయండి.

అసలు టెస్ట్ ఇంతే. ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో కార్డు మీద పది షాట్లు, అట్లాంటివి మూడు కార్డులు. అయితే ఒక బ్యాచ్ మూడు కార్డులూ వరసగా కొట్టేసి ఇంకోదానికి పోవొద్దు. ఏ, బీ, సీ, డీ అని కొట్టి, మళ్ళీ ఏ నుంచి మొదలు పెట్టండి. ఎందుకంటే గంట గడిచే కొద్దీ ఎండ పెరుగుతుంది, సిలిండర్ ప్రెషర్ తగ్గుతుంది, మన కన్ను అలిసిపోతుంది, వరసగా కొడితే చివరి బ్యాచ్‌కి ఈ నష్టమంతా తగులుకుంటుంది, తిప్పి తిప్పి కొడితే అందరికీ సమానంగా పడుతుంది. బ్యాచ్ మారినప్పుడల్లా మూడు నాలుగు షాట్లు పక్కకు కొట్టి అప్పుడు కార్డు మీదకు రండి. ఐదు షాట్ల గ్రూపు చూసి సంబరపడొద్దు, అదృష్టం బాగుంటే ఏ చెత్త పెల్లెట్ అయినా ఐదు షాట్లు ఒకే చిల్లులో వేస్తుంది, పదో షాట్‌కి అసలు రంగు బయటపడుతుంది. "ఆ ఒక్క షాట్ నేనే కదిలిచ్చినా, దాన్ని లెక్కలో తీసెయ్" అనేది కూడా వద్దు, ట్రిగ్గర్ లాగిన వెంటనే, కార్డు చూడకముందే తప్పు అని అనిపిస్తేనే అది మీ తప్పు, చూసినాక గుర్తొస్తే అది పెల్లెట్‌దే.

గ్రూపు ఎక్కడ పడిందో పట్టించుకోవద్దు, ఒక బ్యాచ్ కుడికి, ఇంకోటి కిందికి పడటం మామూలే, సైట్ రెండు క్లిక్కులు తిప్పితే సరిపోతుంది. ఎంత దగ్గరగా పడిందనేదే ముఖ్యం. కార్డు వెనక రైఫిల్ పేరు, బ్యాచ్ నంబరు, తేదీ పెన్నుతో రాయండి, లేకపోతే అన్ని కార్డులూ ఒకే మాదిరి కనపడతాయి. కొలవడానికి వెర్నియర్ క్యాలిపర్ తెచ్చుకోండి, లేత్ షాపుల్లో వాడేది, డిజిటల్‌ది అయితే ఇంకా ఈజీ. గ్రూపులో దూరంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచు నుంచి బయటి అంచు వరకు కొలిచి, దాంట్లోంచి ఒక చిల్లు వెడల్పు తీసేస్తే నడిమి నుంచి నడిమికి దూరం వస్తుంది. చాలామంది గుడ్డిగా 4.5 తీసేస్తారు, అది సరికాదు. పేపర్ చిల్లు పడినాక కొంచెం మూసుకుంటుంది, కార్డు రకాన్ని బట్టి తేడా ఉంటుంది. అదే కార్డు మూలలో విడిగా ఒక షాట్ కొట్టి ఆ ఒంటరి చిల్లు ఎంతుందో కొలిచి దాన్ని తీసేయండి. పల్చటి పేపరు వాడితే చిల్లు చుట్టూ చిరుగుతుంది, అక్టోబర్ నవంబర్ ముసురుకి మెత్తబడిన కార్డు కూడా అంతే, క్యాలిపర్ యాడ పెట్టాలో తెలీదు. అందుకే మంచి మ్యాచ్ కార్డు తెచ్చుకుని కవర్లో మూసి పెట్టుకోండి.

మూడు కార్డులూ చూసి సగటు తీయండి, సగటు కన్నా ముఖ్యంగా మూడిట్లో అధ్వాన్నమైన కార్డు చూడండి. ఒక బ్యాచ్ 2, 2, 5 ఇంకో బ్యాచ్ 3, 3, 3 అయితే సగటు రెండిటికీ 3 మి.మీ.నే, కానీ మ్యాచ్‌కి రెండోదే తీసుకోండి, 60 షాట్లలో ఎప్పుడు ఆ 5 వస్తుందో అని భయపడతా కొట్టడం వల్ల మనసు పాడు. బాగా కుదిరిన బ్యాచ్ పది షాట్లూ రెండు మిల్లీమీటర్ల చిల్లర లోపల పెడుతుంది, 5 మి.మీ. దాటినాయంటే రైఫిలే 10 బయటికి పంపిస్తా ఉంది కాబట్టి ఆ బ్యాచ్ ప్రాక్టీసుకి కూడా దండగ. రెండు బ్యాచ్‌లు దాదాపు సమానంగా ఉంటే ఎక్కువ స్టాక్ దొరికేదీ, తక్కువ ధరదీ తీసుకోండి, తల బద్దలు కొట్టుకోవద్దు.

ఇంక పెల్లెట్లను ఏరడం, తూచడం. ఇది మన వాళ్ళకు మహా ఇష్టం. మదనపల్లె మార్కెట్లో టమాటా గ్రేడింగ్ చేసినట్టు ఒక్కో పెల్లెట్‌ని తూచి డబ్బాల్లో వేసుకుంటా కూర్చునేవాళ్ళు ఉండారు. లెక్క చూద్దాం. 0.53 గ్రాముల పెల్లెట్‌కి 0.005 గ్రాము తేడా అంటే సుమారు ఒక శాతం. బరువు ఒక శాతం పెరిగితే వేగం అర శాతం తగ్గుతుంది, దిగుడు ఒక శాతం పెరుగుతుంది, 17 మి.మీ.లో ఒక శాతం అంటే 0.17. ఒక డెసిమల్ పాయింట్ కూడా కాదు. పైగా ఇది కొలవాలంటే బంగారం షాపుల్లో ఉండే మిల్లీగ్రాము వరకు చూపించే మిషన్ కావాల, ఆన్‌లైన్లో దొరికే 0.01 గ్రాము తూకం పనికిరాదు, అది ఒక్క అంకె మారితేనే రెండు శాతం. గాంధీ రోడ్డులో బంగారం షాపు ఆయన ఫ్రెండైతే సరే, లేకపోతే దీని కోసం మిషన్ కొనకండి. మంచి కంపెనీ మ్యాచ్ పెల్లెట్లలో బరువు తేడా ఎట్లనూ తక్కువే.

తూచడం కన్నా కంటితో ఏరడం నయం. తెల్ల టవల్ పరిచి టిన్నులోంచి నెమ్మదిగా వంచండి, ధబీమని బోర్లించొద్దు, సీసం మెత్తన, ఒకదానికొకటి తగిలినా స్కర్ట్ సొట్ట పడుతుంది. దీపం పక్కన పెట్టుకుని స్కర్ట్ అంచు చూడండి, గుండ్రంగా లేకుండా ఒక వైపు నొక్కుకున్నది, అంచున సీసం పొట్టు అంటుకున్నది, మూతి మీద గీత పడింది, తెల్లగా బూజు మాదిరి పొడి పట్టింది, ఇవి పక్కన పెట్టేయండి. తర్వాత కావాలంటే ఒక గాజు పలక కొంచెం వాలుగా పెట్టి దొర్లించండి, మూతికీ స్కర్ట్‌కీ వెడల్పులో తేడా ఉంటుంది కాబట్టి పెల్లెట్ నేరుగా రాకుండా వంపు తిరుగుతా వస్తుంది, అన్నీ దాదాపు ఒకే వంపులో ఒకే చోటికి వచ్చి ఆగుతాయి, దాంట్లో ఒకటి మాత్రం దారి తప్పి పక్కకు పోయిందంటే దాంట్లో ఏదో లోపం ఉన్నట్టే. ఖరీదైన బ్యాచ్‌లో ఇట్లాంటివి టిన్నుకి కొన్నే వస్తాయి, ప్రాక్టీస్ పెల్లెట్‌లో ఎక్కువ. పక్కన పెట్టినవి పారేయకండి, సైటింగ్‌కీ, ట్రిగ్గర్ ప్రాక్టీసుకీ వాడేయండి. సబ్బు నీళ్ళతో కడగడం, నూనె పట్టించడం అని కూడా కొందరు చెప్తారు, మ్యాచ్ పెల్లెట్‌కి అవేవీ అక్కర్లేదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే వాడండి.

పెల్లెట్ పెట్టేటప్పుడు చాలామంది తొందరపడి వంకరగా తోసేస్తారు. బొటనవేలితో నేరుగా, ప్రతిసారీ ఒకే లోతుకి వచ్చేటట్టు నొక్కండి, వంకరగా పోతే స్కర్ట్ ఒక వైపు చీరుకుపోతుంది, ఇన్ని టెస్టులు చేసి ఎంచిన పెల్లెట్‌ని మన వేలితోనే పాడు చేసినట్టు అవుతుంది. కింద పడిన పెల్లెట్ మళ్ళీ తీసి స్కోరు షాట్‌కి వాడొద్దు.

సీసం గురించి ఒక మాట, ఇది మన దగ్గర ఎవురూ పెద్దగా చెప్పరు. పెల్లెట్లు నోట్లో పెట్టుకుని ఒక్కోటి తీసి లోడ్ చేసే అలవాటు ఇంకా కొందరికి ఉంది, వెంటనే మానుకోండి. కొట్టినాక సబ్బుతో చేతులు కడిగి అప్పుడే టీ అయినా టిఫిన్ అయినా. ఇంట్లో టెస్ట్ చేసుంటే పెల్లెట్ పెట్టె చుట్టూ చీపురుతో ఊడ్చొద్దు, సన్నటి సీసం పొడి పైకి లేస్తుంది, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ విడిగా పెట్టుకోండి. చిన్న పిల్లోళ్ళ మీద సీసం ప్రభావం పెద్దోళ్ళకన్నా ఎక్కువ, కాబట్టి టిన్నులు వాళ్ళకు అందని చోట ఉండాల. పెట్టెలో పోగయిన సీసాన్ని ఇంట్లో స్టవ్ మీద కరిగించే తెలివితేటలు వద్దు, పాత సామాన్ల షాపుకి వేసేయండి.

బ్యాచ్ దొరికింది, స్టాక్ తెచ్చుకున్నారు, ఇంక దాన్ని కాపాడుకోవాల. మన దగ్గర అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల చెమ్మ, ఆ చెమ్మకు టిన్ను మూత వదులుగా ఉంటే పెల్లెట్ మీద తెల్ల పొడి కడుతుంది. కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్లు పారేయకుండా దాచి, గాలి పోని ప్లాస్టిక్ డబ్బాలో టిన్నులతో పాటు వేసి మూసేయండి. స్కూటర్ డిక్కీలో వేసుకుని కపిలతీర్థం రోడ్డు గుంతల్లో తిరిగితే లోపల పెల్లెట్లు గంటకు గంట కొట్టుకుంటా ఉంటాయి, టిన్ను లోపల ఖాళీ ఉంటే పైన స్పాంజి ముక్క కోసి పెట్టండి. టెస్ట్‌లో వాడిన కార్డులు, బ్యాచ్ నంబర్లు ఒక నోటుబుక్కులో అంటించుకోండి. ఆ స్టాక్ చివరి రెండు టిన్నులకు వచ్చే లోపలే కొత్త బ్యాచ్‌లు తెప్పించుకుని, మిగిలిన పాత బ్యాచ్‌ని పక్కన పెట్టుకుని దాంతో పోలుస్తా టెస్ట్ మొదలు పెట్టండి, పాతది పూర్తిగా అయిపోయినాక చేస్తే పోల్చడానికి ఏమీ మిగలదు.